మే నెల, ఆర్కే బీచ్, ఆరుబయట ఆర్కెస్ట్రా: వేదిక గురించి ఒక రివ్యూ

ముందు తీర్పు చెప్పేస్తే చదివేవాళ్లకు సుఖం. ఎండాకాలం సాయంత్రం ఆరుబయట కూర్చుని పాట వినడానికి విశాఖలో ఆర్కే బీచ్‌ని మించిన చోటు లేదు. పాటను పాడుచేయడంలో కూడా దానిదే ముందు స్థానం. రెండింటికీ కారణం గాలే. ముందు వరుస టికెట్ కొనుక్కుని తప్పు వైపు కూర్చున్నవాళ్లకు చరణం సగం సగం వినపడుతుంటే, రోడ్డు పక్క గట్టు మీద ఉత్తినే కూర్చుని మురీ మిక్చర్ నములుతున్నవాళ్లకు పల్లవి నుంచి చివరి దాకా శుభ్రంగా వినపడుతుంది. కాబట్టి ఇక్కడ టికెట్ ధర చూసి సీటు ఎంచుకోవడం దండగ. గాలి ఎటు వీస్తోంది, స్టేజీ ఎటు తిరిగి ఉంది, మిక్సర్ టేబుల్ (మైకుల శబ్దాలన్నీ కలిపి దిద్దే బల్ల) ఎక్కడ వేశారు, ఈ మూడూ చూసుకోవాలి. మూడూ టికెట్ మీద ఉండవు, నేల మీదకు వెళ్తేనే తెలుస్తాయి.

మన వైపు ఆర్కెస్ట్రా అంటే చాలా మటుకు సినిమా పాటల బృందమే. రెండు కీబోర్డులు, లీడు గిటారు, బేసు గిటారు, డ్రమ్స్, ప్యాడ్స్, తబలా, డోలక్, ఒక ఫ్లూటు, అదృష్టం బాగుంటే రెండు మూడు వయొలిన్లు, నలుగురు గాయకులు, ఊపిరి తీసుకోకుండా మాట్లాడే ఒక యాంకరు. సింఫనీ ఆర్కెస్ట్రా లెక్క వేరు. అరవై నుంచి వంద మంది వాయిద్యకారులుంటారు, అందులో సగం మందికి పైగా తీగ వాద్యాలవాళ్లే. మన దేశంలో ఆ తరహా వృత్తి బృందం ముంబైలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. మూడో రకం విశాఖవాళ్లకు బాగా పరిచయమే, నేవీ బ్యాండు. డిసెంబర్ 4న నేవీ డే వచ్చే రోజుల్లో దాన్ని వినని బీచ్ రోడ్డువాసి ఉండడు. ఈ మూడింటిలో సముద్రపు గాలిని తట్టుకునేది బ్యాండే. ఇత్తడి వాద్యం గొట్టం ఎటు తిరిగితే శబ్దం అటు బాణంలా పోతుంది. వయొలిన్ శబ్దం అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది, వెనక గోడ ఉంటేనే అది తిరిగి జనం మీదకు వస్తుంది.

బీచ్‌లో గోడ లేదు కదా. మంచి సింఫనీ హాల్లో వయొలిన్ కమాను ఎత్తేశాక కూడా స్వరం దాదాపు రెండు సెకన్లు గాల్లో నిలబడుతుంది. ఇక్కడ అలా కమాను ఎత్తగానే ఇలా స్వరం తెగిపోతుంది. పైగా ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. స్టేజీకి పది మీటర్ల దూరంలో ఉన్న మోత ఎనభై మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 18 డెసిబెల్స్ తగ్గుతుంది, ఆ వెనక అలల హోరు ఎటూ ఆగదు. అందుకే మైకులు లేకుండా బీచ్‌లో ఏ ఆర్కెస్ట్రా నడవదు. మైకుల్లోంచి వచ్చేదే వింటాం కాబట్టి ఇక్కడ అసలు విద్వాంసుడు సౌండ్ ఆపరేటర్. హాలు గోడలు ఇవ్వాల్సిన ఆ మారుమోతను అతను మిక్సర్‌లో కలుపుతాడు. తక్కువైతే పాట ఎండిపోయినట్టుంటుంది, ఎక్కువైతే గాయకుడు బావిలోంచి పాడుతున్నట్టుంటుంది.

ఇక గాలి సంగతి. మే సాయంత్రాల్లో ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి, అంటే హార్బర్, కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి లాసన్స్ బే వైపుకు తీరం వెంబడే తోస్తుంది. పాట గాలికి కొట్టుకుపోతోందని అంటుంటారు గానీ జరిగేది అది కాదు. నేల దగ్గర గాలి నెమ్మది, పైకి పోయేకొద్దీ జోరు. గాలితో పాటు వెళ్లే శబ్దం ఈ తేడా వల్ల కిందికి వంగి జనం చెవుల్లో పడుతుంది. గాలికి ఎదురెళ్లే శబ్దం పైకి లేచి తలల మీదుగా వెళ్లిపోతుంది. అలా ఎదురుగాలిలో ముందు పోయేవి సన్నని శబ్దాలు, అంటే స, ష లాంటి హల్లులు, ఫ్లూటు మీద గమకం, తాళాల చిరుచప్పుడు. మిగిలేది బేసు గిటారు, డ్రమ్ము. దూరాన ఉన్నవాళ్లకు "దబ్ దబ్" తప్ప సాహిత్యం అందకపోవడానికి కారణం ఇదే. సౌండ్ పెంచమని అరిస్తే దబ్ దబ్ ఇంకా పెరుగుతుంది, సాహిత్యం మాత్రం రాదు.

స్టేజీ హార్బర్ వైపు వేసి జనాన్ని పాండురంగాపురం, లాసన్స్ బే వైపు కూర్చోబెడితే అంతకంటే మంచి ఏర్పాటు లేదు, చివరి వరుస దాకా పాట నడిచి వస్తుంది. అటుది ఇటు వేస్తే, అంటే స్టేజీ లాసన్స్ బే వైపు ఉండి జనం హార్బర్ వైపు కూర్చుంటే, సగం దూరం దాటాక టికెట్ కొనడం వృథా. స్టేజీ సముద్రానికి వీపు పెట్టినా, రోడ్డుకు వీపు పెట్టినా గాలి పక్క నుంచి కొడుతుంది. అప్పుడు లాసన్స్ బే వైపు సగంలో కూర్చోవాలి. సముద్రం వైపు చూస్తూ కూర్చుంటే అది మీ ఎడమ చేతి వైపు, రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటే కుడి చేతి వైపు. అనుమానం ఉంటే గుప్పెడు పొడి ఇసుక తీసుకుని భుజం ఎత్తు నుంచి సన్నగా వదలండి. అది వాలినవైపు నడిచి చోటు చూసుకోండి. (పక్కవాళ్ల మిక్చర్ పొట్లంలో పడకుండా చూసుకోవడం మీ బాధ్యత.)

వెడల్పు తేలాక లోతు తేల్చుకోవాలి. పెద్ద కార్యక్రమాల్లో మిక్సర్ టేబుల్‌ను స్టేజీకి ఎదురుగా, నడిమధ్య, పాతిక ముప్పై మీటర్ల దూరంలో చిన్న టెంటు కింద వేస్తారు. ఆ టెంటుకు వెనకా పక్కలా ఐదారు మీటర్ల లోపల ఉన్న చోటే ఈ మైదానం మొత్తంలో మేలైన సీటు. ఆపరేటర్ చెవికి ఏం తగిలితే అదే మీ చెవికీ తగులుతుంది, తేడా వస్తే అతనే దిద్దుతాడు. కొన్ని కార్యక్రమాల్లో టెంటును పక్కకు నెట్టేసి, "నడిమధ్య వీఐపీ సోఫాలకు అడ్డం" అంటారు. అలా చేసిన చోట సౌండ్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఆపరేటర్ ఒక పక్క బాక్సులే వింటూ ఊరందరికీ కలుపుతుంటాడు.

మైదానం పొడుగైతే మధ్యలో స్తంభాలకు అదనపు స్పీకర్లు కడతారు. ఇక్కడో చిన్న లెక్క ఉంది. ముప్పై డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 349 మీటర్లు వెళ్తుంది. అంటే వంద మీటర్ల దూరం రావడానికి సెకనులో మూడో వంతు కంటే కాస్త తక్కువ పడుతుంది. కరెంటు తీగలో వచ్చిన శబ్దం స్తంభం దగ్గరికి క్షణంలో చేరిపోతుంది. ఆ తేడా మేరకు స్తంభం స్పీకర్లను ఆలస్యం చేయకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. సౌండ్ చెక్ అప్పుడు మైకులో "చెక్, చెక్" అంటుంటే ఆ స్తంభం దగ్గర ఒక నిమిషం నిలబడండి. "చెక్"కి తోక వస్తోందంటే ఆ స్తంభానికి దూరంగా జరగాలి. ఎల్‌ఈడీ తెర మీద గాయని పెదవులకూ పాటకూ పొంతన లేకపోతే మాత్రం ఎవరి తప్పూ కాదు, తెర బొమ్మ కంటికి తక్షణం చేరుతుంది, పాట నడిచి వస్తుంది.

ముందు వరుసల మీద మోజు ఉన్నవాళ్లకు ఒక మాట. స్టేజీ కింద నేల మీద పేర్చిన పెద్ద నల్ల పెట్టెలు బేసు కోసం. వాటి ముందు పది మీటర్ల లోపల ఛాతీ అదురుతుంది, గాత్రం మాత్రం తల పైన వేలాడే స్పీకర్ల నుంచి వెనక వరుసలకు వెళ్లిపోతుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ వేదికలకు పెట్టిన గరిష్ఠ పరిమితి పావుగంట సగటున 100 డెసిబెల్స్. ఆ పెట్టెల ముందు అది సులువుగా దాటిపోతుంది. పసిపిల్లల్ని అక్కడికి తీసుకెళ్లొద్దు. వెళ్లక తప్పదంటే చెవులను పూర్తిగా కప్పే ఇయర్ మఫ్స్ పెట్టాలి, దూది వల్ల పెద్ద ప్రయోజనం లేదు.

టికెట్ మీద ఆరున్నర అని వేసినా పాట ఏడుంబావుకు ముందు మొదలవదు. మే మధ్యలో విశాఖలో సూర్యాస్తమయం ఆరుంబావు దాటాక, దాదాపు ఆరూ ఇరవైకి. వెలుగు పోతేగానీ లైటింగ్‌వాళ్లు సరే అనరు. ఆపైన జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, "రెండే రెండు మాటలు" అంటూ మైకు పట్టుకున్న పెద్దలు. ఆ చివర మాత్రం గట్టి గోడ ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్ పెట్టకూడదు. పండగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది గానీ ఏడాదికి పదిహేను రోజులు మించకూడదు, అది అందరికీ దొరకదు. కాబట్టి ఏడు నుంచి పది, మూడు గంటలు. అందులో ప్రసంగాలకు ముప్పావుగంట తీసేస్తే మిగిలేది 135 నిమిషాలు. పాటకు ఐదు నిమిషాలు, యాంకరు మాటలకు రెండు. పందొమ్మిది పాటలు వస్తాయి. "ముప్పై ఆణిముత్యాలు" అని పోస్టర్ మీద చూస్తే సగం మెడ్లీలని, అంటే పాటల ముక్కలు కలిపి కుట్టినవని అర్థం చేసుకోవాలి, లేదా ప్రసంగాలు లేవని. రెండోది ఎప్పుడూ జరగదు.

పోస్టర్ మీద మరొకటి వెతకాలి, "లైవ్" అన్న మాట. అది లేకపోతే గాయకులు మైనస్ ట్రాక్ మీద పాడతారు, వాయిద్యాలన్నీ ముందే రికార్డు చేసినవి. దానికి ఉచిత ప్రవేశమైతే వెళ్లండి, డబ్బు పెట్టొద్దు. లైవ్ అని ఉన్నా వాయిద్యకారులు ఎంతమందో వేశారా చూడండి. పన్నెండు మందికి తక్కువైతే వయొలిన్ల గుంపంతా కీబోర్డులోంచే వస్తుంది.

లైవ్ వాయిద్యాలకు మే నెల బీచ్ ఒక పరీక్ష. ఫ్లూటువారు ఏసీ కారులోంచి 24 డిగ్రీల చల్లదనంతో దిగి 32 డిగ్రీల స్టేజీ ఎక్కుతారు. గొట్టంలో గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఊదే వాద్యం శ్రుతి మూడు సెంట్లు (స్వరాల మధ్య దూరానికి కొలత) పైకి పోతుంది. ఎనిమిది డిగ్రీలకు 24 సెంట్లు. ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి నూరు సెంట్లు కదా, అంటే పావు వంతు ఎగబాకినట్టు. అదే వేడికి వయొలిన్ తీగ సాగి కిందికి దిగుతుంది. ఒకరు పైకి, ఒకరు కిందికి, కీబోర్డు ఉన్నచోటే. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన విజయనగరం సంగీత కళాశాల పక్క జిల్లాలోనే ఉంది, వయొలిన్ చెవి ఉన్న శ్రోతలకు ఇక్కడ కరువు లేదు, ఈ గొడవ వాళ్లకు మొదటి పాటలోనే పట్టుబడుతుంది. తబలా, మృదంగం చర్మం తేమకు వదులవుతుంది, పాటకూ పాటకూ మధ్య సుత్తి చప్పుడు వినపడేది అందుకే. మంచి బృందాలు గంట ముందే వాయిద్యాలను స్టేజీ మీద పెట్టి ఆ వేడికి అలవాటు చేస్తాయి. ఐదున్నరకు వెళ్లినప్పుడు స్టేజీ మీద ఫ్లూటు, వయొలిన్లు కనపడితే ఆ సాయంత్రం మీద నమ్మకం పెట్టుకోవచ్చు. నొటేషన్ కాగితాలకు బట్టల క్లిప్పులు పెట్టారా అన్నది కూడా చూడండి. క్లిప్పుల్లేని స్టాండు కనపడిందంటే మొదటి గట్టి గాలికి రెండో పేజీ కాళీమాత గుడి దాటుతుంది. ఎంత గొప్ప బృందమైనా సరే, మొదటి రెండు పాటల్ని బట్టి తీర్పు ఇవ్వొద్దు.

వాతావరణం గురించి ఆశ వద్దు, జాగ్రత్త కావాలి. మేలో పగలంతా ఉక్కపోత, సాయంత్రానికి పడమర కొండల మీద నల్లటి మబ్బు లేచి, ఈదురుగాలితో పిడుగులు పడటం ఉత్తరాంధ్రకు మామూలే. ఆ మబ్బు సముద్రం మీద నుంచి రాదు, సింహాచలం కొండల వైపు నుంచి వస్తుంది, అంటే స్టేజీ వైపు చూస్తున్నవాళ్లకు వెనక నుంచి రావచ్చు. ఫోనులో దామిని యాప్ ఉంచుకోండి, దగ్గర్లో పిడుగు పడే సూచన ఉంటే చెబుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వస్తే విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ చూసి గానీ బయల్దేరొద్దు. 2022 మేలో అసని తుపాను ఆంధ్ర తీరానికి వచ్చింది కూడా సరిగ్గా ఈ కచేరీల కాలంలోనే. ఉరుము వినపడితే ఇసుక మీద, లైట్లు వేలాడదీసే అల్యూమినియం చట్రం కింద, టెంటు స్తంభం పక్కన నిలబడకూడదు. రోడ్డు దాటి పక్కా కట్టడంలోకి వెళ్లాలి, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి. వాన పడితే డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది టికెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ ఏమీ లేకపోతే రెండూ లేవనే లెక్క.

పున్నమి రాత్రి కచేరీ అంటే వినడానికి ఎంతో బాగుంటుంది. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువని మాత్రం మర్చిపోవద్దు. పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా ఆ రోజుల్లో సుమారు మీటరున్నర. పోర్టు కట్టడాల తర్వాత ఈ తీరానికి ఇసుక కోత ఒక జబ్బులా పట్టుకుంది, పూడిక తీసిన ఇసుక తెచ్చి పోస్తుంటారు, ఏటా బీచ్ వెడల్పు మారుతుంటుంది. నీటికి దగ్గరగా చాప వేసినవాళ్లు తొమ్మిదికల్లా చాప ఎత్తుకుని పరుగెత్తడం ప్రతి వేసవీ చూసే వినోదమే. సాయంత్రం వెళ్లగానే ఇసుకలో కిందటి పోటు వదిలిన గీత ఎక్కడుందో చూసి దానికి బాగా పైన వేయండి. కచేరీ అయ్యాక కాళ్లు తడుపుకోవాలనిపిస్తే మడమల దాకా చాలు. ఆర్కే బీచ్ అలల కింది లాగుడు ఎంత చెడ్డదో ఊరందరికీ తెలుసు, బయటి నుంచి వచ్చినవాళ్లకే తెలియదు.

తీసుకెళ్లాల్సిన సామానులో మొదటిది కూర్చునే సాధనం. మడత కుర్చీ కొనేవాళ్లు బరువు మోసే సామర్థ్యం చూస్తారు, ఇసుకకు అది కాదు చూడాల్సింది, కాళ్లు. నాలుగు విడివిడి కాళ్ల కుర్చీ పొడి ఇసుకలో పది నిమిషాల్లో ఒక పక్కకు దిగిపోతుంది. ముందు రెండు కాళ్లనూ, వెనక రెండు కాళ్లనూ అడుగున కలిపే అడ్డ కడ్డీ ఉన్నది దిగదు. ఉన్న కుర్చీనే వాడాలంటే పాత హవాయి చెప్పు కోసి నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్క కాలు కింద ఒకటి పెట్టండి. బల్ల చెక్క ముక్కల కంటే ఇవి నయం, ఇసుకలో జారవు. కుర్చీ ఎత్తు అడుగున్నర దాటితే వెనక చాపల మీదున్నవాళ్లు తిడతారు, వాళ్ల తిట్టు న్యాయమే. కొన్ని కార్యక్రమాల్లో సొంత కుర్చీ లోపలికి రానివ్వరు, కాబట్టి ముందే కనుక్కోండి.

చాపే సుఖం అనుకునేవాళ్లకు తుంగచాప, ప్లాస్టిక్ చాప, రెండింటిలో తుంగచాపే మేలు. ఐదున్నరకు పొడి ఇసుక ఇంకా సెగ కక్కుతుంటుంది, ప్లాస్టిక్ చాప ఆ వేడిని నేరుగా ఒంటికి ఇస్తుంది, చెమటకు అంటుకుంటుంది కూడా. ఎనిమిది దాటాక కింది నుంచి తేమ వస్తుంది, తుంగచాప కింద పాత దుప్పటి మడత ఒకటి ఉండాలి. చాప నాలుగు మూలల్లో ఇసుక నింపిన చిన్న సంచులు పెడితే గాలికి లేవదు. చెప్పులు పెట్టి ఆపుదామనుకుంటే లేచి వెళ్లిన ప్రతిసారీ ఆ మూల లేస్తుంది.

చేతి ఫ్యాన్ల గురించి రెండు ముక్కలు. రీఛార్జబుల్ ఫ్యాను మొదటి గంట హాయిగా ఉంటుంది. ఎక్కువ స్పీడు మీద బ్యాటరీ కచేరీ సగంలో చేతులెత్తేస్తుంది, సన్నటి రొద మాత్రం పక్కవాళ్లకు చివరి దాకా వినపడుతుంది, ఉప్పు తేమకు లోపలి మోటారు ఒక వేసవికే గీపెడుతుంది. తాటాకు విసనకర్రకు ఛార్జింగ్ అక్కర్లేదు, చప్పుడు లేదు, పిల్ల నిద్రపోతే మీద దోమ వాలకుండా విసరొచ్చు. విసనకర్రకే ఓటు. దోమలకు ఓడోమాస్ లాంటి పూత మడమలకూ మోచేతులకూ రాయండి, చాప చుట్టూ చల్లితే ఆ గాలికి నిలవదు. ఒక మెత్తటి నూలు గుడ్డ జేబులో ఉండాలి, గంటకోసారి కళ్లద్దాల మీదా ఫోను కెమెరా మీదా ఉప్పు పొర పేరుకుంటుంది, చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి. పాట రికార్డు చేయాలనుకునేవాళ్లు ఫోను కింది మైకు రంధ్రాన్ని గాలికి ఎదురుగా పెట్టకండి. వేలితో మూసేయకుండా అరచేతిని గాలికి అడ్డం పెడితే ఆ "ఫుర్ర్" మోత చాలా మటుకు పోతుంది.

నీళ్లు తలకు గంటకు అర లీటరు లెక్కన పెట్టుకోండి. ఆ ఉక్కలో వట్టి నీళ్లు చాలవు. మజ్జిగలో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి చిక్కగా కాక పల్చగా తీసుకెళ్లడం మంచిది. లేదంటే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, కొలత తలగొట్టి, అంటే చెంచా అంచుకు సమంగా. విశాఖ నగరపాలక సంస్థ 2022 జూన్ 5 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని నిషేధించింది, కాబట్టి సొంత సీసా తప్పదు. గేటు దగ్గర గాజు సీసా ఎలాగూ ఆపుతారు, స్టీలు సీసాను కూడా కొందరు ఆపుతారు. పిల్లల స్కూలు సీసాలైతే సాధారణంగా ఏమీ అనరు.

తిండికి బెంగ లేదు. తాటి ముంజల కాలం ఇదే, పగలు బీచ్ రోడ్డు మీద దొరికితే కొని చల్లగా పెట్టుకుని తీసుకెళ్లండి, గోరుతో గుచ్చితే నీరు చిందే లేత కాయే తీసుకోవాలి, ముదిరినది కడుపు నొప్పి. సాయంత్రం మురీ మిక్చర్, టమాటా బజ్జీ, కాల్చిన మొక్కజొన్న పొత్తు. మిక్చర్‌లో నిమ్మరసం ఎక్కువ వేయించుకోండి, పచ్చి ఉల్లిపాయ ఎప్పుడు తరిగిందో చూసుకోండి. బండి దగ్గరికి వెళ్లడానికి మంచి సమయం ప్రసంగాలు మొదలైనప్పుడు. మరుగుదొడ్లకు కూడా అదే సమయం. బీచ్ రోడ్డు మీద ఉన్నవి ఇంతమంది జనానికి సరిపోవు, ఆడవాళ్ల వైపు వరుస పాటల మధ్య విరామంలో ఇరవై నిమిషాలు దాటుతుంది. పెద్దవాళ్లనూ, నడవడానికి ఇబ్బందిపడేవాళ్లనూ తీసుకెళ్తుంటే ఇసుకలో చోటు కంటే గట్టు పక్క చోటు చూడండి. ఈ విషయంలో వేదికకు పదికి మూడు మార్కులు. చక్రాల కుర్చీ ఇసుకలో కదలదు, దానికి చెక్కల దారి వేసే నిర్వాహకులు తక్కువ.

రాకపోకలకు వస్తే, వెళ్లడం తేలిక, తిరిగి రావడమే అసలు పని. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బీచ్ మూడు నాలుగు కిలోమీటర్లే. కైలాసగిరి వెళ్లే 10కె బస్సు బీచ్ రోడ్డు మీదుగానే పోతుంది. పెద్ద కార్యక్రమం రోజున పోలీసులు బీచ్ రోడ్డును సాయంత్రమే మూసి, బండ్లను పైన ఆంధ్ర యూనివర్సిటీ (ఏయూ) మైదానాల వైపు పంపుతారు. అది ఇబ్బందిగా కనిపించినా నిజానికి మేలు. పైన బండి పెట్టి పాండురంగాపురం డౌన్‌లో పదిహేను నిమిషాలు నడిస్తే సముద్రం. రాత్రి పదికి ఎక్కుడు దారిలో అదే నడక ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది, కానీ ఆ పాటికి బీచ్ రోడ్డు మీద కార్లు అంగుళం కదలవు. ఆటోను బీచ్ రోడ్డు మీద బేరమాడొద్దు, సిరిపురం జంక్షన్ దాకా నడిచి అక్కడ ఎక్కితే మామూలు రేటుకు దగ్గరగా వస్తారు. యాప్‌లో బుక్ చేసేవాళ్లు కూడా ఎక్కే చోటును పైన పెట్టాలి, కింద పెడితే డ్రైవర్ రాలేక రద్దు చేస్తాడు. విజయనగరం, అనకాపల్లి నుంచి వచ్చేవాళ్లు చివరి పాట వదులుకోవాల్సిందే. తొమ్మిదీ నలభైకి లేస్తే రైలో బస్సో దొరుకుతుంది, పదింటికి లేస్తే జనంలోంచి బయటపడటానికే పదకొండవుతుంది. జనం పోగైతే ఫోను సిగ్నల్ మొదట చచ్చేది బీచ్‌లోనే, కాబట్టి కలిసి వెళ్లినవాళ్లు తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. "కురుసుర సబ్‌మెరైన్ గేటు దగ్గర" అంటే ఎవరికైనా తెలుస్తుంది. "కాళీ గుడి దగ్గర" అనొద్దు, అందరూ అక్కడే అనుకుంటారు.

ఇసుక పడనివాళ్లకు వుడా పార్కు పక్కన ఎంజీఎం మైదానం ఉంది. నేల గట్టిది, కుర్చీ దిగదు, చక్రాల కుర్చీ నడుస్తుంది, సముద్రపు గాలి సగం అందుతుంది. పాట స్పష్టత బీచ్ కంటే మెరుగు, అందం తక్కువ. మైకుల్లేని తీగ వాద్యాలు, శాస్త్రీయ కచేరీలు వినాలంటే మేలో ఆరుబయట ఆలోచనే మానుకుని కళాభారతి హాల్లోనో, సిరిపురంలో చిల్డ్రన్స్ ఎరీనా హాల్లోనో కార్యక్రమం ఉందేమో చూసుకోండి.

ఇంకొకటి, ఇది నిర్వాహకులకు. ఎండాకాలం మొదటి నెలల్లో ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికి వచ్చాక వెలుతురున్న వైపే సముద్రం అనుకుని పాకుతాయి. స్టేజీ లైట్లు నీటి వైపు తిప్పకుండా, కార్యక్రమం అయిపోయాక ఫ్లడ్ లైట్లు వెంటనే ఆర్పేస్తే అవి దారి తప్పవు. ప్రేక్షకులకు కూడా దీనివల్ల ఒక లాభం ఉంది, కళ్లలో లైటు కొట్టదు.

ఇంటికి వచ్చాక కుర్చీని అలాగే మడిచి మంచం కిందికి తోసేయకండి. మంచినీళ్లతో కడిగి, మడతల దగ్గర రివెట్లలో ఇసుక పోయేలా రెండుసార్లు తెరిచి మూసి, నీడలో ఆరబెట్టాలి. ఉప్పు పట్టిన రివెట్ వానాకాలమంతా లోలోపల తింటుంటుంది, మళ్లీ వేసవికి కుర్చీ తెరిచి కూర్చోగానే కూర్చున్నవాళ్లతో సహా ఇసుకలోకి దిగుతుంది.